1974 అంబాసిడర్ మార్క్-2 ఇంజను ఇంట్లోనే విప్పుతున్నా – బరంపురం నుంచి (ఓపికున్నవాళ్ళకి)

గంజాం అంబీ (బరంపురం) – జనవరి 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది బరంపురం. నాన్నగారి 1974 మార్క్-2 పెట్రోల్ బండి ఆరేళ్ళుగా మా పోర్టికోలో టార్పాలిన్ కింద నిద్రపోతోంది. ఆయన పోయాక పోయిన నెల బ్యాటరీ మార్చి హ్యాండిల్ కొడితే నాలుగో దెబ్బకి లేచింది. లేవడం లేవడమే వీధంతా నీలం పొగ. దోమల మందు బండి వచ్చిందనుకుని ఎదురింటావిడ తలుపులు బార్లా తెరిచింది.

కంప్రెషన్ గేజి పెట్టి చూశాను. ఒకటో సిలిండర్ 95 పౌండ్లు, రెండు 110, మూడు 105, నాలుగు 70. నాలుగోదాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే 105కి ఎగబాకింది, అంటే పిస్టన్ రింగులు అరిగినట్టు. వేడెక్కాక స్లోలో ఆయిల్ లైటు మినుకుమంటోంది.

నాన్నగారు ఎప్పుడూ ఒక మాట అనేవారు: "ఈ ఇంజనుకి పానా తగల్లేదు. ఉత్తరపారా ఫ్యాక్టరీలో ఎలా మూశారో అలాగే ఉంది." ఇక్కడ ఒక గ్యారేజీవాళ్ళకి ఆ మాటే చెబితే, "స్టాండర్డ్ బోరే కదా, 20 ఓవర్‌సైజు పిస్టన్లు తెప్పించుకోండి, బోరింగ్ చేయించి వేసేద్దాం" అన్నారు. (బోరు అంటే పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం. 20 అంటే అంగుళంలో 20 వెయ్యోవంతులు పెద్దవి.) తెప్పించేశాను. అట్టపెట్టె మంచం కింద ఉంది. కానీ వాళ్ళకి ఇవ్వబుద్ధి కావట్లేదు, నేనే విప్పాలని ఉంది. బోరింగ్, గ్రైండింగ్ మాత్రం లేతు షాపులో.

అడగాల్సింది రెండు. ఇంట్లో అయ్యే పనేనా? ఇంజను దింపడానికి వాకిట్లో మామిడి కొమ్మ సరిపోతుందా?

పర్లాకిమిడి బాబాయ్ – జనవరి 11, రాత్రి 10:15

మామిడి కొమ్మ మాట మళ్ళీ ఎత్తకు బాబూ. 1990లో మా షెడ్డులో ఒక గుంటడు అలగే కట్టీసి, కొమ్మా ఇంజనూ రెండూ మడ్‌గార్డు మీదకి తెచ్చీసాడు. మామిడి కొమ్మ చెప్పి విరగదు. మీ ఊళ్ళో బోరు మోటార్లు పైకి లాగీవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళ దగ్గర ఇనప ముక్కాలి, చైన్ కప్పీ ఉంటాయి. రోజు అద్దెకి ఇచ్చీస్తారు. గేర్‌బాక్సుతో కలిపి లేపితే ముందు రేడియేటరు, గ్రిల్లు, బానెట్టు తీసీయాల. బానెట్టు తియ్యకముందు బిజాగరీల చుట్టూ పెన్సిల్‌తో గీత గియ్యి. బిగించీటప్పుడు నన్ను తలుచుకుంటావు.

ఇంట్లో అవుతాదా అంటే, ఎందుకు అవదు? నలభై ఏళ్ళు నేను చేసింది రేకుల షెడ్డులోనే. మీ పోర్టికోకి కనీసం గచ్చు ఉంది.

రాయగడ మైక్రోమీటర్ – జనవరి 11, రాత్రి 10:52

బోరు కొలిచారా?

గంజాం అంబీ – జనవరి 11, రాత్రి 11:05

లేదండీ. హెడ్ (సిలిండర్ల మీది మూత) ఇంకా తియ్యలేదు.

రాయగడ మైక్రోమీటర్ – జనవరి 11, రాత్రి 11:09

కొలవకముందే పిస్టన్లు కొన్నారు. సరే. పెట్టె సీలు విప్పకండి. బిల్లు జాగ్రత్త.

జైపూరు జీపువాలా – జనవరి 12, ఉదయం 6:30

అన్నా, ఈ తలనొప్పంతా ఎందుకు? డీజిల్ ఇంజను ఒకటి పడేసెయ్. జైపూరు ఘాటు మూడో గేర్లో ఎక్కేస్తుంది.

హెరాల్డ్ అక్క (కోరాపుట్) – జనవరి 12, ఉదయం 7:45

తమ్ముడూ జీపువాలా, ఈ ఫోరంలో ప్రతి దారంలోనూ (థ్రెడ్‌లోనూ) ఇదే సలహా. ఎవరైనా ఎప్పుడైనా విన్నారా?

అంబీ గారూ, మా ఇంట్లో ఉన్నది మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, 948 సీసీ. దాని ఇంజను నేనూ మా ఆయనా వంటింటి వెనక వరండాలో కట్టాం. విప్పడం ఎవరికైనా వస్తుంది. విప్పిందాన్ని ఎలా దాస్తామన్నదే అసలు సంగతి. మీ ఇంజనులో టాపెట్లు (క్యామ్ తిరిగితే పుష్‌రాడ్లని పైకి తోసి వాల్వులు తెరిపించేవి) చదును అడుగువి, ఒక్కొక్కటీ తన క్యామ్ లోబుతో అరిగి జతపడి ఉంటుంది. కలిసిపోతే ఆ జత పోయినట్టే. కోడిగుడ్ల అట్ట ట్రే తెచ్చుకుని, గుంటల పక్కన 1 నుంచి 8 దాకా రాసి, ఒక్కో టాపెట్టూ ఒక్కో గుంటలో పెట్టండి. పుష్‌రాడ్లు అట్టముక్కకి చిల్లులు పెట్టి వరసగా గుచ్చండి. రోజూ రాత్రి ఫోన్లో ఫొటోలు తీసుకోండి. "గుర్తుంటుందిలే" అనుకున్నది ఒక్కటీ గుర్తుండదు.

పానాలు కూడా చూసుకోండి. ఈ బండ్లవి అంగుళాల నట్లు. 1/2 అంగుళం నట్టు మీద 13 మిల్లీమీటర్ల పానా ఎక్కుతుంది కానీ కాస్త వదులు. రెండు మొండి నట్లు వచ్చేసరికి మూలలు గుండ్రమైపోతాయి. 7/16, 1/2, 9/16 రింగు పానాలు కొని తెచ్చుకోండి.

బల్లార్షా పద్మిని – జనవరి 12, మధ్యాహ్నం 1:20

నమస్తే అందరికి. మాది బల్లార్షా, చంద్రపూర్ జిల్లా. నా దగ్గర ప్రీమియర్ పద్మిని ఉన్నది, 1089 సీసీ. రెండేండ్ల కింద నేను గూడ ఇంట్లనే కట్టిన. ఒక్క ముచ్చట జెప్త. రాకర్ షాఫ్ట్ (హెడ్ మీద వాల్వులను నొక్కే చేతుల ఇరుసు) ఇప్పేటప్పుడు ముందుగాల రేడియేటర్ నీళ్ళు దింపున్రి. మా ఫియట్‌ది వేరే తీరు గానీ, అంబాసిడర్ల రాకర్ పీఠాల నట్లల్ల నాలుగు హెడ్‌ను గూడ పట్టుకుంటయ్. నీళ్ళు ఉండంగ ఇప్పితే అవి సిలిండర్లకు దిగుతయ్. మా దోస్తుకు గట్లనే అయింది.

గంజాం అంబీ – జనవరి 26, సాయంత్రం 5:10

సెలవు రోజు కలిసొచ్చింది. ముక్కాలి అద్దెకి తెచ్చి ఇంజను దింపేశాం. నేను, మా బావమరిది, ముక్కాలి తెచ్చిన కుర్రాడు. పాత టైరు మీద కూర్చోబెట్టాం. అమ్మ దానికి బొట్టు పెట్టింది.

ఇప్పుడు అసలు కథ.

హెడ్ తీశాను. పిస్టన్ల తలల మీద బొగ్గు దళసరిగా పేరుకుంది. వెదురుబద్దతో, కిరసనాయిలుతో గీకుతున్నాను. నాలుగో పిస్టన్ మీద ఏదో అంకె కనిపించింది. గుడ్డతో తుడిచి టార్చి వేశాను.

020.

మిగతా మూడూ గీకాను. అన్నిటి మీదా 020.

అంటే నా మంచం కింద పెట్టెలో ఏ పిస్టన్లు ఉన్నాయో, ఇంజనులో ఇప్పటికే ఉన్నవి అవే. "పానా తగల్లేదు" అన్న ఇంజనుని నాన్నగారు ఎప్పుడో పూర్తిగా కట్టించారు!

లోపలికి వెళ్ళి అమ్మని అడిగాను. కాసేపు ఆలోచించి, "అవున్రా, నువ్వు నాలుగో క్లాసులో ఉన్నప్పుడు రెండు నెలలు బండి లేదు. రంగు వేయించడానికి విజయనగరం ఇచ్చానన్నారు. మీ పిన్ని పెళ్ళికి రైల్లో వెళ్ళాం. తిరిగొచ్చాక చూస్తే పాత రంగే ఉంది. అడిగితే, 'అదే షేడు వేయించాను' అన్నారు" అంది.

పర్లాకిమిడి బాబాయ్ – జనవరి 26, సాయంత్రం 5:45

హహహ. బాబూ, మీ నాన్నగారి మీద కోపం పెట్టుకోకు. ఆ రోజుల్లో ఇంజను విప్పించానని చెప్పుకోడం అంటే బండికి రోగం వచ్చిందని ఒప్పుకోడవే. అమ్మీటప్పుడు ధర పడిపోతాది. అందుకే ఇంట్లో కూడా చెప్పీవోరు కాదు. పెయింటింగ్‌కి ఇచ్చాను అనీసి మా షెడ్డుకి తెచ్చినోళ్ళు ఎంతమందో.

రాయగడ మైక్రోమీటర్ – జనవరి 26, రాత్రి 8:30

ఇప్పుడు కొలవండి. బోర్ గేజి లేకపోతే లేతు షాపుకి బ్లాకు తీసుకెళ్ళి దగ్గరుండి కొలిపించండి. ఒక్కో సిలిండర్‌కి పైన, మధ్య, కింద. ప్రతి చోటా రెండు దిక్కులు: క్రాంకుకి నిలువుగా, అడ్డంగా. మొత్తం 24 అంకెలు. ఇక్కడ పెట్టండి.

గంజాం అంబీ – ఫిబ్రవరి 2, రాత్రి 9:15

కొలిచాం. ఇక్కడి లేతు షాపు భైనా (ఒడియాలో అన్నయ్య) చాలా ఓపికమంతుడు. నేను కాగితం మీద రాసుకుంటుంటే ఒడియాలో మెల్లగా అంకెలు చెప్పాడు. 24 అంకెలూ పెడితే చదివేవాళ్ళకి విసుగు, పెద్ద అరుగుదల ఉన్నచోట్లు మాత్రం పెడుతున్నా, మిల్లీమీటర్లలో:

ఒకటో సిలిండర్ 73.74, రెండు 73.71, మూడు 73.72, నాలుగు 73.76. అన్నీ పైన, రింగులు ఆగేచోట, అడ్డం దిక్కు. అడుగున నాలుగూ దాదాపు 73.55.

రాయగడ మైక్రోమీటర్ – ఫిబ్రవరి 2, రాత్రి 9:50

బాగుంది. లెక్క చూడండి.

స్టాండర్డ్ బోరు 73.025. అంటే రెండుమ్ముప్పాతిక అంగుళం మీద ఇంకో అరపాతిక. 20 థౌ (వెయ్యోవంతులు) ఓవర్‌సైజు అంటే 73.533. అడుగున మీకు వచ్చిన 73.55 దానికి సరిపోయింది. అంటే విజయనగరంలో కట్టినాయన పని శుభ్రంగా చేశాడు. పైన నాలుగోది 73.76, అంటే 9 థౌల అరుగుదల. ఆరేడు దాటితే రింగులు మార్చి సరిపెట్టే దశ అయిపోయినట్టే.

తర్వాతి సైజు 30 అయితే 73.787. మీ 73.76కి, దానికి తేడా 0.027 మాత్రమే. అరుగుదల అన్ని పక్కలా సమంగా ఉండదు, ఒక పక్కకే తింటుంది. బోరింగ్ బారు పాత కేంద్రం మీద నిలిపితే ఆ పక్క తెల్లబడదు, మచ్చ ఉండిపోతుంది. కాబట్టి 40. అంటే 74.041.

కొత్త పిస్టన్లు చేతికి వచ్చేదాకా బోరు కొట్టించకండి. పెట్టె మీద 040 అని ఉన్నా నాలుగూ ఒక్కలా ఉండవు. ఒక్కో పిస్టన్ స్కర్టు (కింది భాగం) కొలిచి, దానికి తగిన సందు వదిలి దాని బోరు కొట్టాలి. పిస్టన్ మీద 1, 2, 3, 4 మార్కరుతో రాసివ్వండి.

జైపూరు జీపువాలా – ఫిబ్రవరి 2, రాత్రి 10:05

40 వేస్తే సీసీ ఎంతవుద్ది అన్నా?

రాయగడ మైక్రోమీటర్ – ఫిబ్రవరి 2, రాత్రి 10:11

స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 88.9. లెక్క వేస్తే 1531. మొదట 1489.

జైపూరు జీపువాలా – ఫిబ్రవరి 2, రాత్రి 10:12

ఇంకేం, స్పోర్ట్స్ కారు!

గంజాం అంబీ – ఫిబ్రవరి 3, ఉదయం 8:00

20 సెట్టు అమ్మినవాళ్ళకి ఫోన్ చేశాను. "ఒకసారి అమ్మింది వెనక్కి తీసుకోం" అన్నారు. సీలు విప్పలేదన్నా వినలేదు. తప్పు నాదే కాబట్టి ఎక్కువ వాదించలేదు. 40 సెట్టు కోసం కోల్‌కతా మల్లిక్ బజార్లో వెతకమని అక్కడున్న మా మేనమామ కొడుక్కి చెప్పాను. రైల్లో పంపిస్తానన్నాడు.

హెరాల్డ్ అక్క (కోరాపుట్) – ఫిబ్రవరి 3, మధ్యాహ్నం 2:30

పిస్టన్లు వచ్చేలోపు బ్లాకు నీళ్ళ దారులు చూడండి. పక్కనున్న డమ్మీ ప్లగ్గులు (వెల్చ్ ప్లగ్గులంటారే, అవి) కొట్టి తీసెయ్యండి. మీ నాలుగో సిలిండర్ అన్నిటికంటే ఎక్కువ అరిగింది కదా. ఈ బ్లాకుల్లో మడ్డంతా వెనక కొసకి చేరుతుంది, నాలుగోదాని చుట్టూ నీళ్ళు తిరగవు. అక్కడ ఏముందో చెప్పండి.

గంజాం అంబీ – ఫిబ్రవరి 5, రాత్రి 9:00

అక్కా, మీకు కళ్ళు ఎక్కడున్నాయి! వెనక ప్లగ్గు తీసి స్క్రూడ్రైవరు గుచ్చితే గట్టి ఎర్ర బురద. సైకిల్ చువ్వ వంచి గీకి గీకి లాగితే అన్నం కంచం నిండా వచ్చింది. తుప్పు, బావినీళ్ళ సున్నం, ఒక పిసరు నూలుదారం కూడా ఉంది. ఆ దారం ఎవరిదో, ఏ ఏడాదిదో!

పర్లాకిమిడి బాబాయ్ – ఫిబ్రవరి 5, రాత్రి 9:25

నూలు నట్లకి చుట్టీవోళ్ళం, కారకుండా. మా కాలంలో ఏ షెడ్డులో అయినా ఇదే.

బల్లార్షా పద్మిని – ఫిబ్రవరి 6, ఉదయం 11:00

ఇగ బావినీళ్ళు పొయ్యకున్రి అన్నా. మా దిక్కు ఎండలు 45 దాటుతయ్, కూలెంట్ లేకుంటే బండి ఊరి పొలిమేర దాటది. కొత్త డమ్మీలు ఇత్తడివి దొరికితే గవే ఎయ్యున్రి, తుప్పు పట్టయ్.

ఒక్క ప్రశ్న: హెడ్ సంగతేంది? వాల్వు సీట్లు?

గంజాం అంబీ – ఫిబ్రవరి 6, రాత్రి 8:40

ఎగ్జాస్ట్ వాల్వులు (పొగ బయటికి వదిలేవి) నాలుగూ లోతుగా దిగిపోయి ఉన్నాయి. సీటు ఇన్సర్టులు (వాల్వు కూర్చునే చోట దిగ్గొట్టే గట్టి రింగులు) వేయించాలా వద్దా అని ఇక్కడ ఇద్దరు రెండు రకాలుగా చెబుతున్నారు.

పర్లాకిమిడి బాబాయ్ – ఫిబ్రవరి 6, రాత్రి 9:05

అక్కర్లేదు బాబూ. పోత ఇనప హెడ్డు, పేస్టు పెట్టి రుద్దీ. నలభై ఏళ్ళు అలగే తిప్పాను.

రాయగడ మైక్రోమీటర్ – ఫిబ్రవరి 6, రాత్రి 9:30

బాబాయ్ గారూ, మీ నలభై ఏళ్ళలో ఎక్కువ భాగం సీసం కలిపిన పెట్రోలు. ఆ సీసమే సీటుకీ వాల్వుకీ మధ్య పూతలా నిలిచేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం ఆపేశారు. ఆ తర్వాత వేడి మీద వాల్వు సీటుకి అతుక్కుని, తెరుచుకున్న ప్రతిసారీ ఇనుముని నలుసు నలుసుగా పీకుతుంది. అంబీ గారి హెడ్‌లో దిగినవి ఎగ్జాస్టువే, ఇన్లెట్‌వి కావు. వేడెక్కేది ఆ వైపే.

నాలుగు ఎగ్జాస్ట్‌లకీ గట్టి ఇన్సర్టులు. ఇన్లెట్లు రుద్దితే చాలు.

పర్లాకిమిడి బాబాయ్ – ఫిబ్రవరి 6, రాత్రి 9:58

అదీ నిజవే. 2000 తర్వాత నేను కట్టినవి చాలామట్టుకు డీజిళ్ళే. ఒప్పుకున్నాను. కానీ ఇన్సర్టు కొట్టీవోడు చెయ్యి తిరిగినవాడు అవ్వాల. ఒక్క పిసరు లోతు ఎక్కువైతే నీళ్ళ దారిలోకి చిల్లు పడిపోతాది.

హెరాల్డ్ అక్క (కోరాపుట్) – ఫిబ్రవరి 6, రాత్రి 10:20

అన్నీ అయ్యాక కిరసనాయిలు పరీక్ష మానకండి. వాల్వులూ ప్లగ్గులూ బిగించి, హెడ్‌ని తలకిందులుగా పెట్టి, గదుల నిండా కిరసనాయిలు పోయండి. పదిహేను నిమిషాలు. పోర్టు లోపల వేలు పెట్టి చూస్తే తడి తగలకూడదు. మాకు మూడోది తగిలింది, మళ్ళీ రుద్దాం.

గంజాం అంబీ – మార్చి 9, సాయంత్రం 6:30

చాన్నాళ్ళయింది. పరీక్షల డ్యూటీలు.

040 పిస్టన్లు వచ్చాయి. బోరింగ్, హోనింగ్ (బోరుని రాయితో సన్నగీతలు పడేలా రుద్దడం) అయ్యాయి. క్రాంకు బేరింగు షెల్స్ వెనక 010 అని ఉంది, అంటే అదీ ఒకసారి గ్రైండ్ అయినదే. ఇప్పుడు ఇంకో పది థౌలు సన్నగా, 020కి దింపాం. ఎగ్జాస్ట్ సీట్లు వేయించాను, కిరసనాయిలు నిలిచింది.

బ్లాకు ఇంటికొచ్చిన రాత్రి జరిగింది చెప్పాలి. బోర్లు అద్దంలా కాకుండా సన్నటి అడ్డగీతలతో వెండిలా మెరుస్తున్నాయి. "రేపు పొద్దున్న కడుగుదాం" అనుకుని పడుకున్నాను. పొద్దున్నకల్లా గోపాలపూర్ నుంచి వచ్చే సముద్రపు గాలి తన పని చేసింది. నాలుగు బోర్లలోనూ లేత నారింజ రంగు పొర! గుండె జారిపోయింది.

రాయగడ మైక్రోమీటర్ – మార్చి 9, సాయంత్రం 6:48

గోరుకి తగులుతోందా?

గంజాం అంబీ – మార్చి 9, సాయంత్రం 6:50

లేదు. వేలితో రుద్దితే వస్తోంది.

రాయగడ మైక్రోమీటర్ – మార్చి 9, సాయంత్రం 7:02

అయితే పైపొరే. పెట్రోల్‌తో తుడవకండి, కిరసనాయిలు అసలొద్దు. హోనింగ్ రాయి పొడి గీతల్లో కూరుకుని ఉంటుంది, నూనె దాన్ని ఇంకా లోపలికి నొక్కుతుంది. వేడినీళ్ళు, బట్టల సబ్బు పొడి, నారబ్రష్షు. తెల్లగుడ్డ తిప్పితే తెల్లగా వచ్చేదాకా. ఆరిన నిమిషంలోనే ఇంజనాయిల్ పూత. ఆరబెట్టి టీ తాగడానికి వెళ్ళకండి.

గంజాం అంబీ – మార్చి 10, రాత్రి 10:30

ఏడుసార్లు కడిగాను. తెల్లగుడ్డ కోసం అమ్మ నాన్నగారి పాత పంచె ఇచ్చింది. మొదటి ముక్క బూడిద రంగు, నాలుగోది మబ్బు రంగు, ఏడోది తెల్లగానే వచ్చింది. ఆయిల్ పూసి పాలిథిన్ చుట్టేశాను.

తర్వాత రింగుల సందు చూశాను. రింగుని బోర్లో పెట్టి, పిస్టన్‌ని తిరగేసి దానితో కిందికి తోస్తే రింగు అడ్డంగా సమంగా కూర్చుంటుంది. ఫీలర్ గేజి 10 థౌ బ్లేడు సులువుగా, 12 బిగుతుగా దూరాయి. రెండో సిలిండర్ పై రింగు మాత్రం 6 కూడా దూరలేదు.

బల్లార్షా పద్మిని – మార్చి 10, రాత్రి 10:45

గట్లనే ఎయ్యకు అన్నా! ఇంజను వేడికి రింగు పెరిగి కొసలు తాకితే ఇరుగుతది, బోరు మీద గీత పడతది. సన్న ఆకురాయి తీస్కొని ఒక కొసనే, బయటికెళ్ళి లోపలి దిక్కు రుద్దు. రెండు రుద్దులకోసారి బోర్ల బెట్టి చూడు.

పర్లాకిమిడి బాబాయ్ – మార్చి 10, రాత్రి 11:00

రింగులు ఎక్కించాక వాటి సందులన్నీ ఒకే వరసలోకి రాకుండా తిప్పి పెట్టు. మరొకటి. ఈ ఇంజనుకి వెనక క్రాంకు దగ్గర రబ్బరు సీలు ఉండదు, ఆయిల్‌ని వెనక్కి తిప్పి పంపీ మరలు మాత్రవే ఉంటాయి. కొద్దిగా కారుతాది. కారినందుకు మళ్ళీ విప్పీకు. అంబాసిడర్ కింద నూనె చుక్క లేదంటే లోపల నూనె అయిపోయిందని అర్థం.

గంజాం అంబీ – మార్చి 23, రాత్రి 11:50

మనసేం బాగాలేదు. రాసి పడుకుంటాను.

ఇంజను బండిలోకి ఎక్కింది. హెడ్ నట్లు మధ్యనుంచి బయటికి మూడు విడతలుగా టార్కు రెంచితో బిగించాను. ప్లగ్గులు తీసేసి హ్యాండిల్‌తో తిప్పాం, గేజిలో ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచింది. అప్పటికి అంతా పండగలా ఉంది. మా బావమరిది కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాడు.

ప్లగ్గులు పెట్టి కీ తిప్పాను. టప్! కార్బురేటర్లోంచి మంట నాలుక బయటికొచ్చి వెళ్ళింది. మళ్ళీ తిప్పాను. టప్! టప్! బావమరిది కొబ్బరికాయతో సహా గేటు దగ్గరికి పరుగెత్తాడు. స్పార్కు ఉంది, పెట్రోలు వస్తోంది, పాయింట్ల సందు సరిగ్గానే ఉంది. ఒక్కసారి కూడా అందుకోలేదు.

జైపూరు జీపువాలా – మార్చి 23, రాత్రి 11:58

అన్నా, ఈసారి డీజిల్ మాట ఎత్తను. ఒట్టు. ముందు పక్కన బకెట్ ఇసక పెట్టుకో.

పర్లాకిమిడి బాబాయ్ – మార్చి 24, ఉదయం 5:40

బాబూ, టైమింగు పెట్టీటప్పుడు ఒకటో సిలిండర్ పైకి వచ్చింది చూసి డిస్ట్రిబ్యూటరు (ప్లగ్గులకి వరసగా స్పార్కు పంచీది) పెట్టావు కదా? పిస్టన్ రెండుసార్లు పైకొస్తాది. ఒకసారి కంప్రెషన్ మీద, ఒకసారి పొగ వదిలీటప్పుడు. నువ్వు రెండోదాని మీద పెట్టీసావు.

వాల్వు మూత తీసి, పుల్లీ గుర్తు ఒకటికి తెచ్చి, నాలుగో సిలిండర్ వాల్వులు చూడు. ఫైరింగ్ 1-3-4-2. ఒకటోది కంప్రెషన్ మీద ఉంటే నాలుగోదానివి రెండూ ఊగిసలాడుతాయి, ఒకటి మూసుకుంటూ ఇంకోటి తెరుచుకుంటూ. ఒకటోదానివే ఊగితే నువ్వు తిరగేసి పెట్టినట్టు.

గంజాం అంబీ – మార్చి 24, ఉదయం 7:15

ఒకటోదానివే ఊగుతున్నాయి.

జైపూరు జీపువాలా – మార్చి 24, ఉదయం 7:20

ఓస్ ఇంతేనా. ప్లగ్గు వైర్లు నాలుగూ క్యాపు మీద సగం చుట్టు తిప్పి గుచ్చెయ్. బండి లేస్తుంది. రోటరు ఎటు చూస్తే ఏంటి?

రాయగడ మైక్రోమీటర్ – మార్చి 24, ఉదయం 7:41

లేస్తుంది, అబద్ధం కాదు. పదేళ్ళ తర్వాత ఇంకెవరో పుస్తకం చూసి వైర్లు పెడతారు, వాళ్ళూ ఇలాగే గేటు దాకా పరుగెత్తుతారు.

గంజాం అంబీ – మార్చి 24, ఉదయం 7:55

మా ఇంట్లో పానా తగలని ఇంజను కథ ఒకటి ఇప్పటికే ఉంది. ఇంకోటి వద్దు. సరిగ్గానే పెడతాను. డిస్ట్రిబ్యూటరుని తిప్పే డ్రైవ్ గేరు షాఫ్టు బయటికి ఎలా తీయాలి?

పర్లాకిమిడి బాబాయ్ – మార్చి 24, ఉదయం 8:10

డిస్ట్రిబ్యూటరు, దాని కింద పట్టీ తీసీ. షాఫ్టు నడినెత్తిన మర ఉంటాది. 5/16 యూఎన్‌ఎఫ్ (సన్న మర) పొడుగు బోల్టు, మూడున్నర అంగుళాలది, అందులో తిప్పి లాగీ. తిరుగుతూ పైకొస్తాది. పెట్టీటప్పుడు కూడా తిరుగుతూ దిగుతాది, ఆ తిరుగుడు లెక్కేసుకుని ముందుగా పెట్టాల. మొదటిసారికి కుదరదు. నాకూ కుదరలేదు.

గంజాం అంబీ – మార్చి 24, సాయంత్రం 6:20

నాలుగోసారికి కుదిరింది.

టాపెట్ల సందు కూడా మళ్ళీ చూశాను. ఎవరో పాత దారంలో రాసిన తొమ్మిది లెక్క భలే పనికొచ్చింది. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు ఒకటోది, ఏడోది తెరిచి ఉన్నప్పుడు రెండోది, ఆరుకి మూడు, అయిదుకి నాలుగు. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. హ్యాండిల్ తిప్పుతూ అమ్మ "ఏడు తెరిచింది" అని చెబుతుంటే నేను రెండోది సర్దాను. ఎనభై ఒకటో ఏట ఆవిడ నేర్చుకున్న కొత్త పని ఇది.

5:35కి కీ తిప్పాను. ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. స్లోలో వదిలెయ్యకుండా కాస్త రేజ్ మీద ఇరవై నిమిషాలు ఉంచాను. పొగ లేదు. మానిఫోల్డుకి అంటిన నూనె కాలిన వాసన మాత్రం వచ్చింది. వేడెక్కాక స్లోలో కూడా ఆయిల్ లైటు ఆరిపోయే ఉంది. ఎదురింటావిడ ఈసారి తలుపులు తియ్యలేదు.

హెరాల్డ్ అక్క (కోరాపుట్) – మార్చి 24, సాయంత్రం 6:45

శుభం! 500 కిలోమీటర్లకి ఆయిల్ మార్చి, హెడ్ నట్లు మళ్ళీ చూసి, టాపెట్లు సర్దండి. పెట్రోల్ పైపులు, పంపు డయాఫ్రమ్ పాతవేనా? ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపినది. పాత రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది కూడా, మీ ఊరి గాలికి ట్యాంకు అడుగున తుప్పు ఖాయం. నెలల తరబడి నిలబెట్టెయ్యకండి, నడుపుతూ ఉండండి.

బల్లార్షా పద్మిని – మార్చి 24, రాత్రి 8:00

ముబారక్ అన్నా! బండికి యాభై ఏండ్లు దాటినయ్ కదా, వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తవా? 2021ల కొత్త రూల్ వచ్చింది, నంబర్ల వీఏ అని అక్షరాలు ఇస్తరు.

గంజాం అంబీ – మార్చి 24, రాత్రి 8:25

చదివాను. వింటేజ్ కింద చేయిస్తే ప్రదర్శనలకీ ర్యాలీలకీ, పెట్రోలు కొట్టించడానికీ, రిపేరుకీ తప్ప రోజువారీ రోడ్డెక్కకూడదు. అమ్మకి శుక్రవారం గుడికి వెళ్ళాలి. మామూలు నంబరుతోనే ఉంచుతాను.

గంజాం అంబీ – ఏప్రిల్ 6, రాత్రి 9:10

212 కిలోమీటర్లు అయ్యాయి. నిన్న అమ్మని తీసుకుని ఇచ్ఛాపురం దాకా వెళ్ళొచ్చాను, యాభై దాటకుండా. దారంతా ఏం మాట్లాడలేదు. వచ్చేటప్పుడు మాత్రం, "మీ నాన్న రంగు వేయించి తెచ్చినప్పుడు కూడా ఇలాగే మెత్తగా నడిచింది. నాకప్పుడే అనుమానం వచ్చింది" అంది.

పోర్టికోలో రోజుకి ఒక నూనె చుక్క పడుతోంది. అట్టముక్క పరిచాను. బాబాయ్ గారి మాట ప్రకారం విప్పను.

చివరగా, మంచం కింద పెట్టె ఇంకా అక్కడే ఉంది. 020 సెట్టు, సీలు విప్పనిది, బిల్లుతో సహా. ఎవరికైనా కావాలంటే కొన్న ధరలో సగానికి ఇచ్చేస్తాను.

గుణుపురం గూడ్స్‌బండి – ఏప్రిల్ 6, రాత్రి 9:32

అన్నా నమస్తే, ఈ దారం మొదటినుంచీ చదువుతున్నా, రాయడం ఇదే మొదలు. మా తాతగారిది మార్క్-3, పెట్రోలే. ఆయిల్ తాగేస్తోంది. ఆ సెట్టు నాకు ఉంచగలరా?

రాయగడ మైక్రోమీటర్ – ఏప్రిల్ 6, రాత్రి 9:33

బోరు కొలిచారా?

గుణుపురం గూడ్స్‌బండి – ఏప్రిల్ 6, రాత్రి 9:40

లేదండీ. తాతగారైతే ఈ ఇంజను ఎప్పుడూ విప్పలేదనే అంటున్నారు. ఆదివారం హెడ్ తీసి, పిస్టన్లు గీకి చూసి రాస్తాను. అప్పటిదాకా డబ్బు పంపను అన్నా, ఏమీ అనుకోకండి.